కైవార కీర్తనలు, స్కాట్లండు స్వరాలు: జానపద విశ్వాసానికి రెండు ముఖాలు

చిక్కబళ్లాపురం జిల్లా చింతామణి తాలూకాలోని కైవారం పురాణ ప్రసిద్ధి గల గ్రామం. మహాభారతంలోని ఏకచక్రపురం ఇదేననీ, భీమసేనుడు బకాసురుని వధించినది ఇక్కడేననీ స్థానికుల విశ్వాసం.

ఈ గ్రామానికి కీర్తి తెచ్చినవారు యోగి నారేయణ యతీంద్రులు. జనులు వారిని కైవార తాతయ్య అని భక్తితో పిలుస్తారు. వారు 1726లో జన్మించి, 1836 వరకు జీవించారని సంప్రదాయం చెబుతోంది. తాతయ్యగారు తొలుత గాజుల మలారం భుజాన వేసుకొని ఊరూరా తిరిగిన వ్యాపారి. నోటిలోని గులకరాయి కలకండగా మారేవరకు అష్టాక్షరీ మంత్రాన్ని జపించమని గురువు ఆదేశించగా, అట్లే జరిగిందని కథ. ఆ తరువాత వారు తెలుగు, కన్నడ భాషలలో కీర్తనలు రచించారు. కాలజ్ఞానం కూడా చెప్పారు. నేడు గురుపూర్ణిమ సందర్భంగా కైవార మఠంలో 72 గంటలు ఎడతెగకుండా సంగీతోత్సవం జరుగుతుంది. పల్లె భజన బృందాలు, హరికథకులు, కర్ణాటక సంగీత విద్వాంసులు అందులో పాల్గొంటారు. ఒక పల్లె కథ శాస్త్రీయ సంగీత వేదికను చేరిన తీరు ఇది.

అయితే జానపద విశ్వాసం అన్నిచోట్లా కీర్తనగా మారలేదు. కొన్నిచోట్ల అది మనుషుల మీద నేరారోపణ అయినది. స్కాట్లండు దేశంలో 1563 నుండి 1736 వరకు మంత్రగత్తెల శిక్షాచట్టం అమలులో ఉండెను. ఆ కాలంలో సుమారు 3,800 మందిపై ఆరోపణలు వచ్చాయని పరిశోధకుల లెక్క. వారిలో ఐదింట నాలుగు వంతులకు పైగా స్త్రీలే. 1662లో ఇసొబెల్ గౌడీ అనే స్త్రీ చేత దయ్యాలతో పొత్తు ఉన్నదని నేరం ఒప్పించారు. ఆ వాఙ్మూలం నేటికీ ఉన్నది గాని, ఆమె చివరికి ఏమైనదో చెప్పే పత్రమేదీ లభించలేదు.

స్కాట్లండు స్వరకర్త జేమ్స్ మెక్‌మిలన్ ఆమె పేరిట రచించిన వాద్యబృంద కృతి 1990లో లండనులో తొలిసారి వినిపించింది. దాని నిడివి సుమారు 25 నిమిషాలు. మొదటా చివరా పాత జానపద గీతాల, చర్చి స్తోత్రాల ఛాయలు మృదువుగా వినవస్తాయి. నడుమ సమ్మెట దెబ్బల వంటి కఠోర ధ్వనులు చెలరేగుతాయి. ఆ స్త్రీకి బ్రతుకులో దక్కని అంత్యప్రార్థనగా ఆయన దీనిని సమర్పించారు.

ఈ రెండు ముఖాల మధ్య గీతను మన రాష్ట్ర చట్టం స్పష్టంగా గీచింది. అమానుష దురాచారాల, చేతబడి నిరోధానికై కర్ణాటక 2017లో చేసిన చట్టం 2020 జనవరిలో అమలులోకి వచ్చినది. హరికథ, కీర్తన, భజన, ప్రవచనములకు ఆ చట్టంలో ఏ ఆటంకమూ లేదు. దయ్యం వదిలిస్తామని మనిషిని కొట్టడం, హింసించడం మాత్రం శిక్షార్హమైన నేరం.

కనుక తాతయ్యగారి మహిమలను పిల్లలకు చెప్పవచ్చు, పాడి వినిపించవచ్చు. ఇంటిలో జ్వరం వచ్చినా, పశువు చచ్చినా పొరుగింటి ఒంటరి ముసలమ్మ చేతబడి చేసినదని వేలు చూపరాదు. అట్టి మాట ఊరిలో పుట్టినప్పుడు పెద్దలు దానిని అక్కడే ఆపవలెను. దెబ్బల దాకా వస్తే 112 నంబరుకు ఫోను చేసి పోలీసులకు తెలుపవలెను. ఇసొబెల్ కోసం పాట పుట్టడానికి మూడు వందల ఏండ్లకు పైగా పట్టినది. ఆనాడు ఆమె పక్షాన పలికిన ఒక్క మాట ఆ పాటకన్నా విలువైనదై ఉండేది.