నీలి గీత ఇచ్చిన మాట

చూపు లేని పాఠకులు వెబ్ పేజీని మొదటి నుంచి చివరి దాకా వరసగా వింటూ కూర్చోరు. అంత తీరిక ఎవరికీ ఉండదు. విండోస్ కంప్యూటర్‌లో తెర మీది మాటలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్లయిన ఎన్‌వీడీఏ గాని, జాస్ గాని వాడేవారు ఇన్సర్ట్ కీ పట్టుకుని ఎఫ్7 నొక్కుతారు. పేజీలో ఉన్న లింకులన్నీ జాబితాగా వచ్చేస్తాయి. కిందికి బాణం నొక్కుతుంటే స్క్రీన్ రీడర్ ఒక్కొక్కటే చదివి వినిపిస్తుంది. ఉద్యోగ నోటిఫికేషన్ల పేజీని ఇలా తెరిస్తే చాలాసార్లు వినబడేది ఇదీ: ‘ఇక్కడ క్లిక్ చేయండి. ఇక్కడ క్లిక్ చేయండి. మరిన్ని వివరాలు. ఇక్కడ క్లిక్ చేయండి.’ వీటిలో హాల్‌టికెట్ ఏది, సిలబస్ ఏది, ఫీజు కట్టేది ఎక్కడ? చూపున్నవారికి పక్కనున్న వాక్యం ఆ సంగతి చెబుతుంది. జాబితాలోకి ఆ వాక్యం రాదు.

లింకు పుట్టినప్పుడు పరిస్థితి ఇది కాదు. ఒక పత్రంలోంచి ఇంకో పత్రంలోకి దూకవచ్చన్న ఆలోచన పాతదే. 1965 నాటికే టెడ్ నెల్సన్ దానికి హైపర్‌టెక్స్ట్ అని పేరు పెట్టాడు. 1968 డిసెంబరులో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ శాన్‌ఫ్రాన్సిస్కోలో నిండు సభ ముందు మౌస్‌తో అది చేసి చూపించాడు. మనం రోజూ నొక్కే లింకు మాత్రం జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధన కేంద్రంలో పుట్టింది. 1989లో ప్రతిపాదన రాసిన టిమ్ బెర్నర్స్-లీ, 1990 చివరికల్లా నెక్స్ట్ కంప్యూటర్ మీద మొదటి బ్రౌజర్ తయారుచేశాడు. అందులో లింకుకు గుర్తు కింద గీత. మామూలు పత్రాల్లో కింద గీత వాడకం తక్కువ కాబట్టి అది ఖాళీగా దొరికిందని ఆయనే తర్వాత చెప్పాడు. రంగుతో పనే పడలేదు.

ఆ వెంటనే వచ్చిన రెండో బ్రౌజర్ గురించి కాస్త ఎక్కువ చెప్పుకోవాలి. నెక్స్ట్ కంప్యూటర్లు అందరి దగ్గరా ఉండవు గనుక, ఏ యంత్రం మీదైనా నడిచేలా నికోలా పెలో అనే విద్యార్థిని లైన్ మోడ్ బ్రౌజర్ రాసింది. అందులో బొమ్మల్లేవు, రంగుల్లేవు, మౌస్ అసలే లేదు. లింకు ఉన్న మాట పక్కన చదరపు బ్రాకెట్లలో ఒక అంకె కనిపిస్తుంది. ఆ అంకె టైపు చేసి ఎంటర్ కొడితే ఆ పత్రం తెరుచుకుంటుంది. చూపుంటే తప్ప కుదరని పని అందులో ఒక్కటీ లేదు. చేతులు వణికేవారు బాణం గుర్తును చిన్న మాట మీద గురిపెట్టి నిలపాల్సిన అవసరమూ లేదు. వికలాంగుల కోసమని ఎవరూ అలా చేయలేదు. మాటల మీద మాత్రమే ఆధారపడినందువల్ల అది ఎక్కువమందికి అందుబాటులో ఉండగలిగింది.

1993లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం నుంచి మొజాయిక్ వచ్చింది. దాన్ని రాసింది మార్క్ ఆండ్రీసన్, ఎరిక్ బీనా. మాటల మధ్య బొమ్మలు చేరాయి, లింకులు నీలిరంగులోకి మారాయి. నీలమే ఎందుకన్నదానికి ప్రత్యేకించి కారణం లేదని బెర్నర్స్-లీ అన్నాడు. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివారికి కూడా నీలం తెలుస్తుంది కాబట్టి ఆ ఎంపిక అదృష్టవశాత్తూ మంచిదే అయింది. చెడింది ఇంకోచోట. బొమ్మే లింకైంది, బాణం గుర్తు లింకైంది, మౌస్ అలవాటై ‘ఇక్కడ క్లిక్ చేయండి’ అన్న మాట ఊరూరా పాకింది. వెబ్ తొలి రోజుల్లోనే బెర్నర్స్-లీ తన శైలీ సూచనల్లో అలా రాయొద్దని చెప్పాడు. దానికి ఆయన చూపిన కారణం పేజీని కాగితం మీద అచ్చు వేస్తే ఆ మాటకు అర్థం ఉండదని. కాగితం మీద అర్థం లేని మాటకు చెవిలో మాత్రం అర్థం ఎక్కడిది?

చెవితో చదివే ఏర్పాటు అప్పటికే ఉంది. మోటార్ సైకిల్ పందేల్లో పాల్గొనే టెడ్ హెంటర్ 1978లో రోడ్డు ప్రమాదంలో చూపు కోల్పోయి, ప్రోగ్రామింగ్ నేర్చుకుని, బిల్ జాయిస్‌తో కలిసి కంపెనీ పెట్టి, 1989లో డాస్ యంత్రాల కోసం జాస్ తెచ్చాడు. అది ఖరీదైన సరుకు. 2006లో ఆస్ట్రేలియాలో చూపు లేని యువకుడు మైకేల్ కరన్ ఎన్‌వీడీఏ మొదలుపెట్టి ఉచితంగా ఇచ్చేశాడు. మన దేశంలాంటి చోట దాని విలువ ఎంతని చెప్పగలం!

ఈ లింకుల సమస్య చట్టం దాకా వెళ్లిన ఒక సందర్భం కూడా ఆస్ట్రేలియాలోనిదే. బ్రూస్ మాగ్వైర్ పుట్టుకతో అంధుడు, బ్రెయిలీ డిస్‌ప్లేతో కంప్యూటర్ వాడేవాడు. 2000 సిడ్నీ ఒలింపిక్స్ వెబ్‌సైట్‌లో బొమ్మలకు, బొమ్మ లింకులకు మాటల్లో పేర్లు లేవని, షెడ్యూల్ పేజీ నుంచి ఆటల సూచికకు తాను వెళ్లలేకపోతున్నానని 1999లో మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు చేశాడు. సరిచేయడానికి చాలా డబ్బు, చాలా సమయం కావాలని నిర్వాహకులు వాదించారు. కమిషన్ ఒప్పుకోలేదు. సెప్టెంబరు 15న క్రీడలు మొదలయ్యేలోగా సరిచేయమంది. నిర్వాహకులు పూర్తిగా చేయలేదు. చివరికి కమిషన్ 20,000 ఆస్ట్రేలియన్ డాలర్ల పరిహారం ఇవ్వమంది. ఆటలు అప్పటికే అయిపోయాయి. గెలిచిన కేసే అయినా, ఆయన అడిగింది డబ్బు కాదు, ఆటల పట్టిక.

అదే సమయంలో నియమాలూ రాతలోకి వచ్చాయి. వెబ్ ప్రమాణాలు చూసే డబ్ల్యూ3సీ సంస్థ 1999 మేలో మొదటి సౌలభ్య సూత్రాలు విడుదల చేసింది. ప్రతి లింకూ ఎక్కడికి పోతుందో స్పష్టంగా తెలియాలని, చెప్పకుండా కొత్త విండో తెరవొద్దని అందులో ఉంది. ఈ రెండోదాన్ని చాలామంది చిన్న విషయం అనుకుంటారు. కొత్త ట్యాబ్ తెరుచుకున్న సంగతి తెలియని మనిషి వెనక్కి పోయే బటన్ ఎన్నిసార్లు నొక్కినా పేజీ కదలదు. ఆ ట్యాబ్‌కు వెనక పేజీ అంటూ ఏదీ ఉండదు కదా. పేజీని పెద్దది చేసుకుని ఒక మూలే చూడగలిగే వారికీ, జ్ఞాపకశక్తి సమస్యలున్న వారికీ ఇదే అవస్థ. 2008 డిసెంబరులో వచ్చిన రెండో రూపం, లింకు ఉద్దేశం లింకు మాటల నుంచి గాని, దాని సందర్భం నుంచి గాని తెలియాలంది. మాటల్లోనే తెలిస్తే ఇంకా మేలని పై స్థాయిలో పెట్టింది. ట్యాబ్ కీతో ఒక లింకు మీదికి చేరగానే పేజీ దానంతట అది మారిపోకూడదంది. 2023 అక్టోబరులో వచ్చిన 2.2 రూపం వేళ్లు వణికేవారిని గుర్తుపెట్టుకుని, నొక్కే చోటు కనీసం 24 పిక్సెళ్ల వెడల్పు, ఎత్తు ఉండాలంది. వాక్యం మధ్యలో వచ్చే లింకులకు మాత్రం మినహాయింపు ఇచ్చింది.

మన ప్రభుత్వ వెబ్‌సైట్లకు మార్గదర్శకాలు 2009లోనే వచ్చాయి. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఈ సౌలభ్యాన్ని హక్కుగా ఇచ్చింది. దాని కింద 2017లో చేసిన నియమాలు మాత్రం సలహాల్లా మిగిలిపోయాయి. 2024 నవంబరు 8న రాజీవ్ రతూరీ వేసిన కేసులో సుప్రీంకోర్టు వాటిలోని 15(1) నియమాన్ని కొట్టేసి, తప్పనిసరిగా పాటించాల్సిన ప్రమాణాలు రాయమంది. ఆ తీర్పు వెనక హైదరాబాద్ నల్సార్ విశ్వవిద్యాలయంలోని వికలాంగుల అధ్యయన కేంద్రం తయారుచేసిన నివేదిక ఉంది. 2025 ఏప్రిల్ 30న, యాసిడ్ దాడి బాధితుల తరఫున, చూపు లేని ఒక న్యాయవాది తరఫున వచ్చిన పిటిషన్లపై, డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమేనని అదే కోర్టు చెప్పింది.

తెలుగు పేజీలకు ఇంకో చిక్కుంది. కింద గీత ఇంగ్లిషు అక్షరాలను చూసి పెట్టింది. మనకు ఒత్తులు చాలావరకు కిందే. ‘స్త్రీ శిశు సంక్షేమం’ అన్న లింకు కింద గీత గీస్తే ఒత్తులను కోసుకుంటూ పోతుంది. ఇప్పటి బ్రౌజర్లు ఒత్తు తగిలినచోట గీతను తెంపుతాయి. అప్పుడది ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది. అందం చెడిందని డిజైనర్లు గీత తీసేసి రంగు ఒక్కటే ఉంచుతారు. అలా చేసిన పేజీలో రంగు తేడా పట్టలేనివారికి లింకు మాయమైపోతుంది. గీతను తీసేయనక్కర్లేదు, ఒత్తుల కిందికి దించితే చాలు. సీఎస్ఎస్‌లో అండర్‌లైన్ ఆఫ్‌సెట్ అన్న ఒక్క పంక్తి ఆ పని చేస్తుంది.

భాష గుర్తు కూడా అంతే ముఖ్యం. తెలుగు పేజీ కోడ్‌లో భాష ఇంగ్లిషు అని ఉంటే, చాలా ఏర్పాట్లలో స్క్రీన్ రీడర్ ఇంగ్లిషు గొంతునే ఎత్తుకుంటుంది. ఆ గొంతుకు తెలుగు రాకపోతే లింకు పేరు ఎంత బాగా రాసినా వినబడదు. ఈ-స్పీక్ లాంటి ఉచిత గొంతులకు తెలుగు చదవడం వచ్చు. పేజీ తయారుచేసేవారు కోడ్ మొదట్లోనే భాష తెలుగని రాస్తే, వాటికి పని అప్పజెప్పినట్టే.