పడవ తూకము - చిన్న రేకు చరిత్ర

పడవ ప్రయాణ మెరిగిన పెద్దలకు ఒక సంగతి క్రొత్తగా చెప్పనక్కరలేదు. గోదావరిలోగాని కృష్ణలోగాని రేవు దాటునప్పుడు పడవవాడు ముందుగా ఎక్కినవారు ఎక్కడెక్కడ కూర్చుండిరో చూచుకొనును. బస్తాలన్నియు ఒకవైపున చేరినచో నడుమకు జరిపించును. పదిమంది ఒక ప్రక్కకు వ్రాలినచో గద్దించి సర్ది కూర్చుండబెట్టును. పడవ ముందు భాగమును మనవారు అణియమనియు, వెనుక భాగమును అమరమనియు అందురు. అణియము పైకి లేచినను, అమరము క్రుంగినను, పడవ ఒక ప్రక్కకు ఒరగినను చుక్కాని పట్టినవానికి కష్టము, ఎక్కినవారికి అపాయము. ఈ తూకమునే ఇంగ్లీషువారు ‘ట్రిమ్’ అందురు. దానిని దిద్దుటకై విహారపు మరపడవల వెనుక అమర్చు రెండు చిన్న లోహపు రేకులకు ‘ట్రిమ్ టాబులు’ అని పేరు. నేటి ప్రసంగము వానిని గురించియే.

తూకము తప్పిన ఓడ గతి యేమగునో తెలుపుటకు స్వీడను దేశపు ‘వాసా’ కథ చాలును. ఆ దేశపు రాజు గుస్టావస్ అడాల్ఫస్ ఆజ్ఞపై స్టాక్‌హోము నగరమున ఈ యుద్ధనౌకను కట్టిరి. రెండు అంతస్తుల నిండ ఫిరంగులు నిలుపుటచేత ఓడకు పైబరువు హెచ్చయ్యెను. ప్రయాణమునకు ముందు ముప్పదిమంది నావికులను పై తట్టుమీద ఈ ప్రక్కనుండి ఆ ప్రక్కకు పరుగెత్తించి పరీక్షించిరి. మూడుమారులు పరుగెత్తునప్పటికే ఓడ తలక్రిందు లగునట్లు ఊగుటచేత నౌకాధిపతి ఆ పరీక్షను ఆపించెను. ఐనను రాజు తొందర పెట్టుచుండెను. ప్రయాణమును ఆపుడని అడ్డుపడగల సాహస మెవ్వరికిని లేకపోయెను. 1628వ సంవత్సరము ఆగస్టు 10వ తేదీన ఓడ రేవు విడిచి ఒక మైలైనను పోకముందే, గాలి విసురునకు ఒరగి, ఫిరంగి కిటికీలగుండ నీరు చొచ్చి, రేవు ప్రజలు చూచుచుండగనే మునిగిపోయెను. 1961లో దానిని పైకి తీసిరి. నేటికిని అది స్టాక్‌హోములో ప్రదర్శనశాలయందున్నది.

వాసా కాలమున పడవకు శక్తి గాలియే. పందొమ్మిదవ శతాబ్దమున ఆవిరియంత్రము వచ్చిన పిమ్మట మరియొక చిక్కు కనబడెను. యంత్రబల మెంత హెచ్చించినను ఓడ వేగము ఒక హద్దు దాటుట దుర్లభమయ్యెను. దీనికి కారణమును శోధించినవాడు విలియం ఫ్రూడు (1810-1879) అను ఇంగ్లీషు ఇంజనీరు. ఆయన టార్కీ పట్టణమున ఒక పొడవైన తొట్టి కట్టించి, అందు మైనముతో చేసిన నమూనా ఓడలను లాగించి, నీటి యెదురును తూచెను. నడచు పడవ తన చుట్టును తానే అల పుట్టించుకొనును. వేగము పెరిగినకొలది ఆ అల పొడవగును. అల పొడవు పడవ పొడవుతో సమానమైనప్పుడు అణియము అల శిఖరమునెక్కును, అమరము పల్లమువైపు జారును. అనగా పడవ తాను పుట్టించిన గట్టును తానే ఎక్కవలసివచ్చును.

ఈ హద్దునకు నావికులలో ఒక సులభమైన లెక్క యున్నది. నీటిమట్టమువద్ద పడవ పొడవును అడుగులలో గొని, దాని వర్గమూలమును 1.34తో గుణించినచో వేగము నాటులలో వచ్చును. నాటనగా గంటకు ఒక సముద్రపు మైలు, అనగా సుమారు 6080 అడుగులు. 25 అడుగుల పడవకు వర్గమూలము 5. కావున హద్దు 6.7 నాటులు. 100 అడుగుల పడవకు 13.4 నాటులు. పొడవు నాలుగింతలైనగాని వేగము రెండింతలు కాదు. 1897లో చార్లెసు పార్సన్సు నిర్మించిన ‘టర్బీనియా’ 34 నాటుల వేగముతో పరుగెత్తి నౌకాదళమువారిని ఆశ్చర్యపరచెను. కాని అది సన్నని శరీరముచేతను, మహాయంత్రబలముచేతను సాధించినది. సామాన్యుని చిన్న పడవకు ఆ మార్గము పనికిరాదు.

మరియొక మార్గమును సూచించినవాడు నౌకాశిల్పి కాడు, పల్లెటూరి క్రైస్తవ మతగురువు. ససెక్సు మండలములోని ప్లేడెన్ గ్రామమున నుండిన చార్లెసు మీడ్ రేమస్ 1872లో ఇంగ్లీషు నౌకాశాఖవారికి ఒక యోచన పంపెను. పడవ యడుగును వాలుబల్లల వలె చేసినచో, వేగముగ పోవునప్పుడు నీరు దానిని పైకెత్తును. పడవ నీటిని చీల్చుకొని పోవుటకు బదులు నీటిపై జారిపోవునని ఆయన మతము. ఫ్రూడు నమూనాలు చేసి పరీక్షించి, ఆనాటి యంత్రము లీయగల వేగమున ఈ పద్ధతివలన లాభములేదని తేల్చెను. ఆ తీర్పు న్యాయమైనదే. ఆవిరియంత్రము, బొగ్గు, నీటిబాన, ఇంతబరువు మోయు పడవ నీటిపై లేవజాలదు. తేలికైన పెట్రోలు ఇంజను వచ్చిన పిమ్మటనే ఆ మతగురువు యోచనకు కాలము కలిసివచ్చెను. 1910లో థార్నిక్రాఫ్టు కట్టిన ‘మిరాండా 4’ నీటిపై జారిపోయెను. ఆ జాతి పడవలనుండియే 1916లో ఇంగ్లీషువారి 40 అడుగుల టార్పెడో పడవలు పుట్టినవి.

వేగము లభించెనుగాని తూకపు చిక్కు వేరొక రూపమున మరల వచ్చెను. జారుడు పడవ నిలుకడనుండి వేగమందుకొనులోపల అమరము క్రుంగి అణియము ఆకాశమున కెత్తును. ఆ సమయమున చుక్కాని పట్టినవానికి ఎదుట నీరు కనబడదు. ఎదురుగ ఈతగాడున్నను, చేపల పడవ యున్నను తెలియదు. దీనికై కొందరు అమరము క్రింద కొయ్య చీలలు బిగించిరి. అవి అమరము నెత్తునుగాని ఎల్లప్పుడును ఒకే తీరున నుండును. బరువు మారినను, అల మారినను అవి మారవు. 1930 తరువాత జర్మనులు తమ వేగపు టార్పెడో పడవలకు పెద్ద చుక్కానికి ఇరువైపుల రెండు చిన్న చుక్కానులు చేర్చి, వానిని వెలుపలికి త్రిప్పి, అమరము క్రుంగుటను తగ్గించిరి. 1960లో మయామీనుండి నస్సావునకు జరిగిన పందెమున, రే హంటు రూపొందించిన ‘మాపీ’ అను పడవ పెద్ద యలలలో గెలిచెను. దాని యడుగు లోతైన కోణముగ నుండెను. ఆ రీతి పడవలు విహారమునకు విరివిగ వాడుకలోనికి వచ్చినవి. ఆ కోణము అలను మెత్తగ చీల్చునుగాని, ప్రక్కగాలికిగాని, ఒకవైపు కూర్చున్న మనుష్యుల బరువునకుగాని పడవ త్వరగ ఒరగును. కావున ఎప్పటికప్పుడు దిద్దగల సాధనము మరింత అవసరమయ్యెను.

ఆ సాధనమే మన రేకుల జంట. అమరపు పలకకు క్రిందియంచున, కుడి ఎడమల, ఒక్కొక్క రేకును బందులతో బిగింతురు. సరంగు మీట నొక్కగా చిన్న పంపు నూనెను నెట్టును. ఆ ఒత్తిడికి రేకు క్రిందికి వాలును. పారు నీరు రేకును తాకి క్రిందికి మరలును. దానికి మారుగ రేకు పైకి నెట్టబడి అమరమును లేపును, అణియము దిగును. పడవ ఎడమకు ఒరిగినచో ఎడమ రేకును మాత్రమే దించవలెను. ఆ మూల లేచి పడవ చక్కబడును. పడవ పొడవు ఎన్ని అడుగులో, ఒక్కొక్క రేకు వెడల్పు అన్ని అంగుళములుండుట వాడుకలోని కొలత. అమర్చువారు రేకును పడవ యడుగుకంటె కొంచెము పైగ నుంచవలెను. మరమేకుల రంధ్రము ప్రతిదానిని నీరు చొరని బంకతో మూయవలెను. ఆ జాగ్రత్త తప్పినచో తూకము దిద్దవచ్చిన రేకే పడవకు చిల్లుపెట్టినదగును. ఉప్పునీటియందు రేకునకు తుత్తునాగపు ముక్క నొకటి తగిలింతురు. రేకునకు బదులు అది కరగిపోవును. ఈ యుపాయమునకు మూలము 1824లో సర్ హంఫ్రీ డేవీ ఓడల రాగితొడుగును కాపాడుటకై చేసిన పరిశోధన.

చిన్నదానితో పెద్దదానిని త్రిప్పుట జర్మను ఇంజనీరు ఆంటన్ ఫ్లెట్నరుకు (1885-1961) ప్రియమైన విద్య. ఆయన పెద్ద చుక్కాని వెనుకయంచున చిన్న చుక్కాని నమర్చెను. చిన్నదానిని ఒకవైపునకు త్రిప్పిన, నీటి ఒత్తిడియే పెద్దదానిని రెండవవైపునకు నెట్టును. విమానములకును ఈ పద్ధతి వచ్చెను. 1967లో అమెరికా కప్పు పందెమున ఆస్ట్రేలియావారి పడవను నాలుగింటికి నాలుగు పందెములలో ఓడించిన ‘ఇంట్రెపిడ్’ అను తెరచాప పడవకు అడుగుదూలము వెనుక ఇట్టి రేకు ఉండెను. బక్‌మినిస్టర్ ఫుల్లర్ అను అమెరికా పండితుడు సంఘములో ఒక్క మనుష్యుడు చేయగల పనిని ఈ చిన్న చుక్కానితో పోల్చెడివాడు. 1983లో ఆయన మరణించిన పిమ్మట ఆయన సమాధిరాతిపై, తనను ట్రిమ్ టాబని పిలువుడను మాట చెక్కిరి.

ఐనను రేకు సర్వరోగనివారిణి కాదు. ఎదురలలో కొంచెము దించినచో అణియము అలను చీల్చును. కాని అలలు వెనుకనుండి తరుముచున్నప్పుడు దించియుంచినచో అణియము ముందరి యలలో గ్రుచ్చుకొనును. అమరము గిఱ్ఱున తిరుగును. పడవ అలకు అడ్డముపడి బోర్లపడవచ్చును. అట్టి వేళ రేకులను పూర్తిగా ఎత్తివేయవలెను. నిలిచియున్న పడవకు రేకువలన ఉపకారమే లేదు. నీరు పారినగాని దానికి బలము రాదు. కావున మొదట బరువును సరిగా సర్దవలెను, పిమ్మట మిగిలిన స్వల్పదోషమును రేకుతో దిద్దవలెను. పైబరువుతో కట్టిన వాసాను ఏ రేకును రక్షింపజాలదు. దానిని రక్షింపదగినది, ఆ ముప్పదిమంది పరుగెత్తిననాడు ‘ఈ ఓడ కదలరాద’ని గట్టిగ చెప్పగల ఒక్కనోరు. మన రేవులలో, ‘ఇక నెక్కవద్దు, నడుమకు జరుగుడు’ అని పడవవాడు కసరినప్పుడు ప్రయాణికులు విసుగుకొనక ఆ మాట వినుట మేలు.