బండి మాట ముందు యజమానికే తెలియాలి

బోధన్ చెరకు రైతుకు కాటా విలువ ఒకరు చెప్పనక్కర్లేదు. 1931 నాటికి మంజీర మీద నిజాంసాగర్ పూర్తయింది. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదిగా పేరుపడ్డ ఆ మిల్లుకు మొదట ఎడ్లబండ్లు, తర్వాత లారీలు, ట్రాక్టర్లు చెరకు మోశాయి. 2015 చివరలో మిల్లు మూతపడింది. తన చెరకు ఎంత తూగిందో తన కళ్లతో చూసుకోవాలన్న రైతు పట్టుదలలో మాత్రం ఎప్పటికీ న్యాయం ఉంది. ఏదైనా చెడినప్పుడు ఇంటి ముందున్న పాత కారు కంప్యూటర్ చూపే కోడ్ విషయంలోనూ న్యాయం అదే.

పొగలోంచి పుట్టిన పరికరం

ఆ కోడ్ చదివే రీడర్ అనే చిన్న డబ్బా వెనక పెద్ద చరిత్రే ఉంది. లాస్ ఏంజెలెస్ మీద కమ్మే కళ్లు మండించే పొగమంచుకు వాహనాల పొగే ముఖ్య కారణమని 1950లలో ఆరీ హాగెన్-స్మిట్ అనే రసాయన శాస్త్రవేత్త నిరూపించాడు. కాలిఫోర్నియా 1967లో వాయు వనరుల బోర్డును పెట్టి, ఆయననే తొలి అధ్యక్షుణ్ణి చేసింది. పొగను తగ్గించే భాగం చెడిపోతే బండే చెప్పాలన్న నిబంధన ఆ బోర్డు చొరవతోనే వచ్చింది. మొదట్లో ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి. 1981 నాటి జనరల్ మోటార్స్ కార్లలో రెండు పిన్నులు కలిపి, లైటు ఎన్నిసార్లు మినుకుమందో లెక్కపెట్టి కోడ్ తెలుసుకునేవారు. 1996 నుంచి అమెరికాలో అమ్మే ప్రతి కారుకూ ఒకే తరహా 16 పిన్నుల సాకెట్, ఒకే తరహా కోడ్‌లు తప్పనిసరయ్యాయి. దీన్నే ఓబీడీ-2 అంటారు.

హైదరాబాద్‌కో తేదీ, నిజామాబాద్‌కో తేదీ

మన దగ్గర ఈ నిబంధన ఊళ్లవారీగా వచ్చింది. 2010 ఏప్రిల్ 1న వాహనాల పొగపై భారత్ స్టేజ్-4 నిబంధనలు 13 నగరాల్లో మొదలయ్యాయి. హైదరాబాద్, షోలాపూర్ ఆ జాబితాలో ఉన్నాయి, నిజామాబాద్ లేదు. దాంతో ఆ నగరాల్లో మారుతి 800 అమ్మకం ఆగిపోయింది, చిన్న పట్టణాల్లో కొనసాగింది. స్టేజ్-4 కార్లకు 2013 ఏప్రిల్ నుంచి ఓబీడీ-2 తప్పనిసరైంది. దేశమంతటికీ స్టేజ్-4 వచ్చింది 2017 ఏప్రిల్‌లో. అందుకే ఇక్కడ సెకండ్ హ్యాండ్‌లో కారు కొనేవారు తయారైన సంవత్సరం ఒక్కటే చూస్తే చాలదు, మొదట ఏ ఊళ్లో రిజిస్టరైందో కూడా చూడాలి. మెకానికల్ పంపుతో నడిచే పాత డీజిల్ జీపుకు, కార్బురేటర్ కారుకు ఈ రీడర్ పనికిరాదు.

కోడ్ చదవడం, అర్థం చేసుకోవడం

సాకెట్ సాధారణంగా స్టీరింగ్ కింద ఉంటుంది. పాత బండ్లు చాలావరకు 7వ పిన్నులోని కె-లైన్ మీద మాట్లాడతాయి, కొత్తవి 6, 14 పిన్నుల క్యాన్ తీగల మీద. రీడర్ కొనేముందు అది రెండింటినీ చదువుతుందో లేదో అడగాలి. తాళం ఆఫ్‌లో ఉండగా రీడర్ తగిలించి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం ఆన్ చేస్తే కోడ్‌లు కనిపిస్తాయి. ముందు వాటిని కాగితం మీద రాసుకోవాలి. తప్పు పట్టుబడిన క్షణాన ఇంజిన్ వేడి, వేగం ఎంతున్నాయో చూపే ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా రాసుకోవాలి. కోడ్ చెరిపేస్తే ఆ సాక్ష్యమూ పోతుంది.

కోడ్ ఏ దిక్కున వెతకాలో చెబుతుంది, ఏ భాగం మార్చాలో చెప్పదు. పి0301 అంటే ఒకటో సిలిండర్ మిస్ కొడుతోందని. కారణం ప్లగ్గు కావచ్చు, కాయిల్ కావచ్చు, ఇంజెక్టర్ కావచ్చు. సిలిండర్‌కో కాయిల్ ఉన్న ఇంజిన్‌లో ఒకటో కాయిల్‌ను రెండోదానితో మార్చి చూడాలి. కోడ్ పి0302కు మారితే తప్పు కాయిల్‌దే. పి0113 లోపలికి వెళ్లే గాలి వేడిని కొలిచే సర్క్యూట్‌ది. సెన్సర్ కొనేముందు దాని వైరు తెగిందేమో చూడాలి. చెరకు తోట పక్కన బండి నిలిపే ఇళ్లలో ఎలుకలు కొరికిన వైరును అనుమానించడం తెలివైన పని. ఇక్కడే అనుభవమున్న మెకానిక్ చెవి, చెయ్యి అక్కరకొస్తాయి. ఏళ్ల తరబడి శబ్దం విని జబ్బు పసిగట్టిన ఆ విద్యకు రీడర్ తోడవుతుందే కానీ, దాన్ని తోసెయ్యలేదు.

అందరి చేతికీ అందాలి

ఈ సమాచారం ఎవరి చేతిలో ఉండాలన్న వివాదం మన దేశంలోనూ నడిచింది. విడిభాగాలు, డయాగ్నస్టిక్ పరికరాలు బయటి మెకానిక్‌లకు అందనివ్వడం లేదంటూ కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలపై 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. కంపెనీలు ఆ ఉత్తర్వును సవాలు చేశాయి. అయినా రోడ్డు పక్క షెడ్డులో బతికే మెకానిక్‌కు కూడా ఈ పరికరాల మీద హక్కుందన్న మాట అధికారికంగా నమోదైంది.

ఇక మిగిలిన అడ్డు భాషది. కోడ్ వివరణలు ఎక్కువగా ఇంగ్లీషులోనే వస్తాయి. తరచూ కనిపించే కోడ్‌లు, వాటి కారణాలు, భాగం మార్చేముందు చేయాల్సిన పరీక్షలు తేట తెలుగులో ఒక్క పట్టికగా అచ్చువేసి ప్రతి ఐటీఐలో, ప్రతి షెడ్డులో గోడకు అంటించాలి. అప్పుడు యజమాని, మెకానిక్ ఒకే కాగితం చూస్తూ మాట్లాడుకుంటారు. బిల్లులోని ప్రతి వరుసకూ కారణం అడిగే ధైర్యం యజమానికి, చెప్పే ధీమా మెకానిక్‌కు వస్తాయి.