అక్షరాస్యతా పరిశోధనలో వాచకం: దూబగుంట నుండి చీమకుర్తికి

1990 దశకారంభంలో నెల్లూరు జిల్లాలో సాగిన సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమాన్ని ప్రభుత్వం అక్షరాస్యుల సంఖ్యతో కొలిచింది. చరిత్ర మాత్రం ఒక పాఠంతో గుర్తుంచుకొంది. వాచకంలోని సీతమ్మ కథ చదివిన దూబగుంట స్త్రీలు తమ ఊరి సారా దుకాణాన్ని మూయించారు. ఆ ఉద్యమం జిల్లాలు దాటడంతో 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటా సారా నిషేధం అమలైంది. పాఠమే ఉద్యమాన్ని పుట్టించిందనడం అతిశయోక్తి. కూలి డబ్బు సారా పాలవుతోందని ఆ స్త్రీలకు అక్షరాలు రాకముందే తెలుసు. ఇంటింటా అణగి ఉన్న ఆ మాటను నలుగురిలో బిగ్గరగా చదవదగిన మాటగా మార్చడమే పాఠం చేసిన పని.

అక్షరాస్యతా విద్యపై పిహెచ్.డి. చేసే తెలుగు పరిశోధకులు పట్టుకోవలసిన కొస ఇదే. సర్వే పట్టికల పని విద్యాశాస్త్రానిది; వాచకంలోని భాష తెలుగు శాఖ బాధ్యత. ఈ దృష్టికి పొరుగున ఉన్న ప్రకాశం జిల్లాలోని చీమకుర్తి కఠినమైన క్షేత్రం. దూబగుంట స్త్రీలకు తెలుగు ఇంటిభాష. చీమకుర్తి గ్రానైటు క్వారీలకు ఇతర రాష్ట్రాల కూలీలు కూడా వస్తారు. వారి చేతికి తెలుగు వాచకమిస్తే అక్షరంతోపాటు పరభాషనూ నేర్వమన్నట్లే. గిడుగు రామమూర్తి సవరలకు సవర భాషలోనే వాచకాలు రచించారు. ఆ పద్ధతి క్వారీ కూలీలకు ఎంతవరకు వర్తిస్తుందో సిద్ధాంత గ్రంథంలో ఒక అధ్యాయంగానైనా పరిశీలించాలి.