తెలుగునాట చిన్నపిల్లలకు సాంఘిక, ఆరోగ్య, నీతి విద్య

తెలుగు ప్రాంతాల ప్రాథమిక బడుల్లో సమాజం, ఆరోగ్యం, నడవడి గురించి చెప్పే చదువు ఇప్పుడు పరిసరాల విజ్ఞానం, ఆరోగ్య వ్యాయామ విద్య, విలువల విద్య అనే పేర్లతో సాగుతోంది. రెండు వందల ఏళ్ల కిందటి వీధిబడిలో వీటిలో నీతి ఒక్కటే పాఠం. ఆరోగ్యం ఇంటి పెద్దలు చూసుకునేది, ఊరి సంగతులు ఊళ్లో తిరిగితే తెలిసేవి. ఆ రెండూ బడి గడప దాటి లోపలికి రావడానికి శతాబ్దం పైనే పట్టింది.

వీధిబడి కాలం

మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో జిల్లాల్లోని దేశీయ బడుల వివరాలు పంపమని కలెక్టర్లను ఆదేశించాడు. వచ్చిన జవాబుల్లో బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823లో రాసినది ప్రసిద్ధం. అంతకు కొన్నేళ్ల ముందే తెలుగు వ్యాకరణం రాసిన మనిషి కాబట్టి బడిలో వినపడే మాట అతనికి అర్థమైంది. ఆ జిల్లాలో 533 బడులు, వాటిలో 226 తెలుగు బడులు. మొత్తం 6,641 మంది పిల్లల్లో ఆడపిల్లలు 60 మంది. పొద్దున్నే అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడికి సున్న చుట్టేవారు, అంటే మెప్పూ లేదు, తప్పూ లేదు. మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ పైన వచ్చేవారికి ఒక్కొక్కటి పెంచుకుంటూ పోవడం. వేళకు రావడమనే మంచి అలవాటును నేర్పిన పద్ధతి అది. గుంజీలు, చేతులు కట్టి పైకి వేలాడదీసే కోదండం కూడా ఆ శిక్షణలో భాగమే.

పిల్లలు నీతి పద్యాలు, పురాణ భాగాలు గడగడా అప్పజెప్పేవారు. అర్థం అడిగితే చెప్పలేకపోయేవారు. పద్యాల భాష, వాళ్లు ఇంట్లో మాట్లాడే భాష వేరువేరు కావడమే దీనికి కారణమని క్యాంప్‌బెల్ గుర్తించాడు. ఈ చరిత్ర అంతటికీ కీలకమైన పరిశీలన ఇదే. ఆ తరువాత వందేళ్లలో వచ్చిన ప్రతి సంస్కరణా ఏదో ఒక రూపంలో ఈ దూరాన్ని తగ్గించే ప్రయత్నమే.

అచ్చు పుస్తకాలు

1832లో పుదూరు సీతారామశాస్త్రి కూర్చిన బాలశిక్ష తరువాతి దశాబ్దాల్లో పెరిగి పెరిగి పెద్ద బాలశిక్ష అయింది. గుణింతాలు, నీతి వాక్యాలు, సామెతలు, తిథులు, నక్షత్రాలు, సంవత్సరాల పేర్లు, లెక్కలు, భూగోళ విశేషాలు అన్నీ ఒకే అట్టల మధ్య చేరాయి. లోకజ్ఞానాన్ని విషయాలుగా విడదీయకుండా ఇచ్చిన పుస్తకం కావడం వల్లనే అది తరాల తరబడి ఇంటింటా నిలిచింది. అయితే అది కంఠస్థానికి రాసిన పుస్తకం. పిల్లవాడు తన కళ్లతో చూసి తెలుసుకోవలసింది అందులో తక్కువ. 1853లో వచ్చిన చిన్నయసూరి నీతిచంద్రిక నీతిని కథల్లోకి తెచ్చింది గాని, దాని గ్రాంథిక వచనం పసివాళ్లకు అందేది కాదు. పై తరగతుల పాఠ్యగ్రంథంగానే అది స్థిరపడింది.

ఆరోగ్యం తెలుగు పుస్తకాల్లోకి రావడంలో కందుకూరి వీరేశలింగం పాత్ర పెద్దది. 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టిన ఆయన, 1883లో స్త్రీల కోసం సతీహితబోధిని పత్రిక మొదలుపెట్టాడు. దేహారోగ్య ధర్మబోధిని, శరీర శాస్త్రం లాంటి రచనలు చేశాడు. బిడ్డ ఆరోగ్యం తల్లి చదువుతో ముడిపడి ఉందని ఆయన పట్టిన దారి ఎంత సరైనదో, ఈ రోజుకూ ఆడపిల్లల చదువు వెనకబడిన పల్లెల్లో కనిపిస్తుంది.

పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు రామమూర్తి మరో వైపు నుంచి వచ్చాడు. సవర పిల్లలకు సవర భాషలోనే చదువు చెప్పాలని వాచకాలు తయారుచేశాడు. తరువాత తెలుగు బడుల్లో వాడుక భాష కోసం పోరాడాడు. పాఠం భాష పిల్లల నోటికి దగ్గరైతేనే శుభ్రత గురించి గాని, ఊరి పాలన గురించి గాని చెప్పేది వాళ్లకు చేరుతుంది. అందుకని గిడుగును భాషోద్యమ చరిత్రలోనే గాక ఈ చరిత్రలోనూ ముందు వరుసలో నిలపాలి. రచయిత చలం బిడ్డల శిక్షణ పేరుతో ఏకంగా ఒక పుస్తకం రాసి, దండన మీద నిలబడ్డ నడవడి పాఠాన్ని తల్లిదండ్రుల ముందే నిలదీశాడు.

వార్ధా నుంచి ప్రతిజ్ఞ దాకా

1937 అక్టోబరులో వార్ధాలో గాంధీ ఆధ్వర్యంలో విద్యా సమావేశం జరిగింది. దాని వెంట జాకిర్ హుస్సేన్ కమిటీ ఇచ్చిన పాఠ్య ప్రణాళికలో చరిత్ర, భూగోళం, పౌరనీతి కలిసి సాంఘిక విద్య అయ్యాయి. సామాన్య విజ్ఞానంలో శరీర ధర్మాలకు, పరిశుభ్రతకు చోటు దొరికింది. చేతిపని చుట్టూ చదువంతా అల్లుకోవాలన్న ఆ ఆలోచనతో మన ప్రాంతంలోనూ బేసిక్ బడులు వెలిశాయి.

హైదరాబాదు రాజ్యంలో పరిస్థితి వేరు. సర్కారు చదువు ఎక్కువగా ఉర్దూలో సాగడంతో తెలుగు పిల్లలకు ఏ పాఠమైనా ముందు భాష గండం దాటాకే అందేది. 1901లో హైదరాబాదులో వెలిసిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషానిలయం వంటి గ్రంథాలయాలు ఆ లోటును కొంత పూడ్చాయి.

స్వాతంత్ర్యం తరువాత రాజ్యాంగం 28వ అధికరణ పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బడుల్లో మతబోధ కూడదన్నది. దాంతో నీతిని మతంతో ముడిపెట్టకుండా చెప్పడమెలా అన్న ప్రశ్న వచ్చింది. దానికి ఒక జవాబు తెలుగువాడి కలం నుంచే వెలువడింది. నల్లగొండ జిల్లా అన్నెపర్తిలో పుట్టిన పైడిమర్రి వెంకట సుబ్బారావు 1962లో విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా ఉండగా ప్రతిజ్ఞ రాశాడు. రాజకీయ నాయకుడు తెన్నేటి విశ్వనాథం ద్వారా అది విద్యామంత్రి పి.వి.జి. రాజుకు అందింది. 1963లో విశాఖలోని ఒక బడిలో తొలిసారి చదివించారు. 1965 జనవరి 26 నుంచి దేశమంతటా బడుల్లోకి వెళ్లింది. కోట్ల మంది పిల్లలు రోజూ ఉదయం చెయ్యి చాచి పలికిన ఆ మాటల కర్త పేరు చాలాకాలం పాఠ్యపుస్తకాల్లో కనబడలేదు. సాంఘికం నేర్పే పుస్తకం చేయదగ్గ పని కాదది.

పరిసరాల విజ్ఞానం

ఎన్‌సీఈఆర్‌టీ 1975 ప్రణాళిక ప్రాథమిక స్థాయికి పరిసరాల విజ్ఞానాన్ని ప్రతిపాదించింది. 3 నుంచి 5 తరగతుల్లో అది సాంఘిక భాగం, సామాన్య శాస్త్ర భాగం అని రెండుగా ఉండేది. బ్రిటిష్ సాయంతో 1990ల మధ్య వరకు సాగిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం (ఏపీపెప్) ఆ పాఠాలను బోధించే తీరును కదిలించింది. కృత్యాలు చేయించడం, పిల్లల పనిని గోడల మీద ప్రదర్శించడం, ఉపాధ్యాయ కేంద్రాల్లో అయ్యవార్లు కలిసి కూర్చుని చర్చించడం అప్పుడే విస్తరించాయి. 2005 జాతీయ ప్రణాళిక తరువాత కుటుంబం, ఆహారం, నీరు, ఇల్లు, ప్రయాణం వంటి ఇతివృత్తాల కింద రెండు భాగాలూ కలిసిపోయాయి. ఆహారం పాఠంలోనే పోషణ, పంట, ఆకలి మూడూ వస్తాయి.

ఈ పద్ధతి బలం తెలియాలంటే నీటి పాఠం చూడాలి. మనదేశంలో, తాగునీటిలో ఫ్లోరైడు ఎక్కువైతే వచ్చే ఫ్లోరోసిస్‌ను మొదట గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో. నల్లగొండ పల్లెల్లో అది తరాలను వంచింది. అక్కడి పిల్లలకు పళ్ల మీద గోధుమ రంగు మరక ఎందుకు పడిందన్నది ఆరోగ్య పాఠం. ఊరికి మంచినీరు ఎవరు తేవాలన్నది సాంఘికం. తెచ్చిన నీళ్లను ఇరుగుపొరుగుతో ఎలా పంచుకోవాలన్నది నీతి. మూడు పాఠాలకూ బోరింగు దగ్గరే బడి.

2011 ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యా ప్రణాళిక ఆరోగ్య వ్యాయామ విద్య, విలువల విద్య - జీవన నైపుణ్యాలను కళా విద్య, పని విద్యలతో పాటు సహపాఠ్య విషయాలుగా నిలిపింది. కాగితం మీద వీటికి మూల్యాంకనం ఉంది, గ్రేడు ఉంది. కాలపట్టికలో మాత్రం చాలా బడుల్లో ఆ పీరియడ్లు లెక్కలకో ఇంగ్లీషుకో పోతున్నాయి. 2003లో తెలుగు నేలపై అమలైన వేడి మధ్యాహ్న భోజనం, 2015లో మొదలైన జాతీయ నులిపురుగుల నివారణ దినం పిల్లల ఆరోగ్యాన్ని బడి బాధ్యతగా చేశాయి. తినేముందు చేతులు కడుక్కోవడం, వరుసలో నిలబడడం, అన్ని కులాల పిల్లలూ ఒకే పంక్తిలో కూర్చుని తినడం ఆ భోజన విరామంలోనే జరుగుతున్నాయి.