గజ్జె కట్టిన విద్వాంసుడు

1883లో మద్రాసు నుంచి కుప్పుస్వామి నాయుడు విజయనగరం వచ్చి హరికథ చెప్పాడు. అది విన్న అజ్జాడ కుర్రవాడు ఆదిభట్ల నారాయణదాసు ఆ ఏడే ‘ధ్రువచరిత్ర’ రాసి, తానే గజ్జె కట్టి చెప్పాడు. అప్పటికి ఆయన వయసు పందొమ్మిదేళ్లు. హరికథా పితామహుడని ఆయన్ను పిలుస్తున్నాం కాబట్టి ఒక అభ్యంతరానికి బదులు చెప్పాలి. ఈ కథాపద్ధతి మరాఠా రాజుల కాలంలో తంజావూరు చేరి, అక్కడ పెరిగి మనదాకా వచ్చిందే. ధ్రువుడూ, గజేంద్రుడూ, అంబరీషుడూ పోతన భాగవతంలో ఉన్నవాళ్లే. చిడతలూ గజ్జెలూ మన దాసర్లకూ భాగవతులకూ ఎప్పటినుంచో తెలుసు. మరి దాసుగారు కొత్తగా చేసిందేమిటి?

ఆయన కొత్తదనమంతా కూర్పులోనే ఉంది. అంతకుముందు విద్వాంసుడు కూర్చుని పాడేవాడు, భాగవతుడు నిలబడి ఆడేవాడు, పౌరాణికుడు పద్యం చదివి అర్థం చెప్పేవాడు. ఎవరి సభ వారిదే. దాసుగారు ఈ మూడు పనులనూ ఒక్క మనిషి మీద వేసుకున్నారు. కీర్తన పక్కన దరువు, సంస్కృత సమాసం పక్కన అచ్చతెనుగు వచనం, కర్ణాటక రాగం పక్కన హిందుస్థానీ బాణీ నిలిచాయి. ఇలా కలిపితే సంగీతం పలచబడుతుందని శుద్ధశాస్త్రం కోరేవారు అనవచ్చు. పైపైన కలిపితే ఆ మాట నిజమే. కానీ చేతులూ కాళ్లూ తలా కలిపి ఐదు తాళాలు ఒకేసారి నడిపి ‘పంచముఖీ పరమేశ్వర’ అనిపించుకున్న మనిషి లయలో ఎక్కడ రాజీపడ్డాడు? తొంభై రాగాలతో ‘దశవిధరాగ నవతి కుసుమ మంజరి’ కట్టినవాడికి రాగజ్ఞానం తక్కువని ఎవరనగలరు? ఆయన దగ్గర ప్రతి అంగమూ విడిగా పరీక్షకు నిలుస్తుంది, అందుకే కలయికా నిలిచింది. భాషల్లోనూ అంతే: పారశీకం నేర్చి ఉమర్ ఖయ్యాంను ఇటు సంస్కృతంలోకీ అటు అచ్చతెనుగులోకీ తెచ్చినవాడూ ఆయనే.

ఊరి పాలు కూడా ఇందులో ఉంది. మహారాజు ఆనందగజపతి కొలువున్న ఆ విజయనగరంలోనే 1892లో గురజాడ ‘కన్యాశుల్కం’ నాటకం ఆడారు. పండితుల మెప్పునూ వీధిలో మాటనూ ఒకేచోట విన్న ఊరది. ఇదంతా ఒక్కడి ప్రతిభేననీ, సంప్రదాయంగా నిలవలేదనీ అనేవారు 1919 వైపు చూడాలి. ఆ ఏడు విజయనగరంలో సంగీత కళాశాల పెట్టినప్పుడు ప్రిన్సిపాల్ పదవి నారాయణదాసుకే దక్కింది. గజ్జె కట్టి కథ చెప్పే దాసు విద్వాంసులకు పెద్ద కావడాన్ని మించిన సాక్ష్యం నాకు కనబడదు. వయొలిన్ నేర్పడానికి వచ్చిన ద్వారం వెంకటస్వామి నాయుడు 1936లో ఆయన తర్వాత ఆ పీఠం ఎక్కారు. ఇవాళ హరికథ నేర్పే గురువులకు ఒక్క విన్నపం: పాటను ఒక గదిలో, అడుగును మరో గదిలో, పద్యాన్ని ఇంకో గదిలో నేర్పకండి. మూడూ మొదటి రోజు నుంచే కలిపి నేర్పండి.