.22 పంప్ యాక్షన్ రైఫిల్

గొట్టం కింద ఉన్న చెక్కపట్టును వెనక్కి లాగి ముందుకు నెడితే ఖాళీ తొడుగు బయటపడి కొత్త తూటా ఎక్కే చిన్న రైఫిల్ ఇది. మన దగ్గర .22 గొట్టం కొలత ఉన్న రైఫిళ్లన్నింటినీ ‘పాయింట్ టూటూ’ అనే అంటారు. వేటకూ ఆత్మరక్షణకూ ఉద్దేశించిన తుపాకుల పక్కన పెట్టి చూడడం వల్ల దీని విలువ మరుగున పడింది. ఇది ముందుగా ఒక చక్కని యంత్రం. పాత నమూనాలు మన ప్రాంతంలో నిలవాలంటే వాటిని యంత్ర వారసత్వంగా, చట్టం గీసిన గీత లోపల చూసుకోవాలి.

1857లో స్మిత్ అండ్ వెసన్ కంపెనీ .22 షార్ట్ తూటాను తెచ్చింది. తొడుగు అడుగు అంచులోనే మందు ఉండి, ఆ అంచు మీద దెబ్బపడితే పేలడం దాని పద్ధతి. తయారీ చౌక, చప్పుడు తక్కువ, భుజానికి తగిలే తాకిడి దాదాపు లేదు. 1887లో .22 లాంగ్ రైఫిల్ తూటా వచ్చింది. కొద్ది కాలానికే అమెరికాలోని ఆగ్డెన్‌కు చెందిన జాన్ బ్రౌనింగ్, తమ్ముడు మాథ్యూతో కలిసి రూపొందించిన పంప్ రైఫిల్‌ను వించెస్టర్ కంపెనీ 1890 మోడల్‌గా విడుదల చేసింది. చేతి కదలిక ఒక్కటే తొడుగును లాగడం, బయటికి విసరడం, సుత్తిని ఎక్కించడం, కొత్త తూటాను గదిలోకి నెట్టడం వంటి పనులన్నీ వరసగా చేస్తుంది. వరసలో ఏ ఒక్కటి తప్పినా తూటా ఇరుక్కుంటుంది. 1932 వరకు 8 లక్షలకు పైగా తయారయ్యాయంటే ఆ అమరిక ఎంత కుదిరిందో తెలుస్తుంది. తిరునాళ్లలో బెలూన్లు కొట్టే తుపాకి మనకు ఎలాగో, అమెరికా జాతరల షూటింగ్ గ్యాలరీలకు ఇది అలాంటిది. తర్వాత జాన్ పెడర్సన్ రూపకల్పనతో రెమింగ్టన్ 12వ మోడల్ 1909లో వచ్చింది. బ్రౌనింగే రూపొందించిన ‘ట్రాంబోన్’ అనే పంప్ రైఫిల్ 1920లలో బెల్జియంలో తయారైంది. పాత రైఫిల్‌ను అంచనా వేసేవారు మొదట చూసేది గొట్టం లోపలి భాగం. ఆ కాలపు తూటాల్లోని రసాయన శేషం తేమను పీల్చి ఉక్కును తినేసేది. బయట మెరుగు ఉండి లోపల గుంతలు పడ్డవి చాలా కనిపిస్తాయి.

మన దగ్గర వీటి చరిత్రను మార్కెట్ కన్నా చట్టమే ఎక్కువగా మలిచింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేటకు కళ్లెం పడింది. 1980ల నుంచి సామాన్యులకు విదేశీ తుపాకుల దిగుమతి దాదాపు మూసుకుపోయింది. ఆయుధ చట్టానికి 2019లో చేసిన సవరణతో, వారసత్వంగా వచ్చినవి సహా ఒక్కొక్కరికి రెండే తుపాకులు అన్న పరిమితి వచ్చింది. మూడోదాన్ని వదులుకోవలసినప్పుడు చిన్నదే ముందు పోవడం సహజం. అయినా 1959 ఆయుధ చట్టం .22 రైఫిల్‌ను పేరుపెట్టి మరీ ప్రత్యేకంగా చూసింది: గుర్తింపు పొందిన రైఫిల్ క్లబ్ సభ్యులు లక్ష్య సాధనకు వాడే .22కు ఆ సంఖ్యా పరిమితి వర్తించదు.

ఒలింపిక్ తరహా 50 మీటర్ల పోటీలో ఒక్కొక్క తూటానే ఎక్కించే రైఫిల్ వాడతారు కాబట్టి పంప్ రైఫిల్ క్రీడకు పనికిరాదన్న అభ్యంతరం ఉంది. పోటీ వరకు అది నిజమే. హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 50 మీటర్ల ప్రోన్ (బోర్లా పడుకొని కాల్చే) పోటీలో రజతం గెలిచింది .22 తూటాతోనే గాని పంప్ రైఫిల్‌తో కాదు. పతకం తేలేని యంత్రానికి విలువ లేదనడం మాత్రం సరికాదు. రెండో అభ్యంతరం బరువైనది: ఏ తుపాకి అయినా ప్రాణం తీయగలదు, దాన్ని మెచ్చుకోవడం ప్రమాదకరం. .22 తూటా చిన్నదే గాని ప్రాణాంతకం. మైలు దూరం పైన పోగలదు. అందుకే మెచ్చుకోలు లైసెన్స్‌తోనో, పేలే శక్తి లేని వస్తువుతోనో మొదలు కావాలి. పాతకాలపు నమూనా అయి, మరమ్మతు చేసినా పేల్చలేని స్థితిలో ఉన్న ఆయుధాన్ని ఆయుధ చట్టంలోని 45వ సెక్షన్ తన పరిధి నుంచే మినహాయించింది. పాశమైలారం, పటాన్‌చెరు షెడ్లలో లేత్, మిల్లింగ్ యంత్రాల మీద పనిచేసే వారికి అలాంటి పేలని రైఫిల్‌లోని పంప్ అమరిక మంచి పాఠం. సంగారెడ్డి జిల్లాలోనే, ఎద్దుమైలారం ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలో ‘సారథ్’ యుద్ధ వాహనాలు తయారవుతాయి. ఈ ప్రాంతానికి లోహపు పని కొత్త కాదు. అయితే లైసెన్స్ లేకుండా తుపాకి తయారుచేస్తే కనీసం ఏడేళ్ల జైలు, యావజ్జీవం దాకా పడవచ్చు. పాఠం చూసి నేర్చుకోవడం వరకే.

ఇళ్లలో ఇంకా ఇలాంటి రైఫిల్ ఉన్నవారు ఒకటి గుర్తుంచుకోవాలి. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్స్‌దారుకు 70 ఏళ్లు నిండినా, తుపాకి 25 ఏళ్లుగా తన దగ్గరున్నా, బతికుండగానే వారసుడి పేరిట బదిలీకి దరఖాస్తు చేయవచ్చు. యజమాని పోయాక దాన్ని వెంటనే పోలీస్ స్టేషన్‌లోనో లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గరో అప్పగించాలి. గడువులోగా ఎవరూ అడగకపోతే అది ప్రభుత్వపరమవుతుంది.